పంటి గాటు

ఉమ్మితో తుడుస్తామంటే నవ్వావు, ఉగ్నే.
నవ్వు. మొదటి రోజు నేనూ నవ్వాను.
పుల్లకి దూది చుట్టి, నాలుక మీద ఒకసారి తిప్పి
మూడు వందల ఏళ్ల కొవ్వొత్తుల మసి పట్టిన
కొయ్య మరియమ్మ బుగ్గ మీద
గోరంత మేర, గుండ్రంగా, నొక్కకుండా.
సీసాల్లో మందులు చెయ్యలేని పని
వెచ్చటి ఎంగిలి చేస్తుంది.
ముప్ఫై ఒక్క ఏళ్లుగా
ఈ కౌనాస్ మ్యూజియం కింది అంతస్తులో
ఎంతమంది పునీతులకి ముఖం కడిగానో లెక్క లేదు.
హెర్రింగ్ చేపలో పచ్చి ఉల్లిపాయ మాత్రం
పని రోజుల్లో మానేశాను,
వాళ్లకి బాగుండదని.

ఈ పెట్టె దగ్గర నోరు మూసుకో.

జపమాల. పూసలు రొట్టెవి.
సైబీరియాకి రైల్లో తోలేసినవాళ్లలో ఒకామె, బార్బోరా,
తన వంతు నల్ల రొట్టె నమిలి
మింగకుండా
అరచేతిలోకి ఉమ్మి, పిసికి, సూదితో బెజ్జం పొడిచి
దుప్పట్లోంచి లాగిన పోగు మీద గుచ్చింది.

మింగకుండా.
రిపోర్టులో ఆ మాటకి చోటు లేదు.
"పదార్థం: రై పిండి, లాలాజలం, ఉన్ని దారం" అని రాశాను.

ఎంగిలితో పుట్టిన వస్తువు,
నా ఎంగిలి తగిలితే కరిగిపోతుంది.
తుడవడం మనం నోటికి నేర్పిన విద్య.
దానికి పుట్టుకతో వచ్చింది
పిండి అరిగించడమొక్కటే.

పోయిన మార్చిలో పెట్టె అడుగున గోధుమరంగు పొడి.
తెల్ల కాగితం పరిచాను. తెల్లారేసరికి మళ్లీ.
భూతద్దం కింద ఒక పూసకి సూదిమొనంత కన్నం.
బిస్కెట్ల డబ్బాలో, మిరియాల పొట్లంలో
ఎవరింట్లోనైనా దొరికే మామూలు పురుగు.
ఆకలితో ఉన్నామె తినని రొట్టెని
డెబ్బై ఏళ్ల తరవాత తను తింటోంది.
నిజం చెప్పనా, దాని మీద నాకు కోపం రాలేదు.

మందు కొట్టకూడదు. సంచిలో పెట్టి, గాలి తీసి, సీలు వేసి
మైనస్ ముప్ఫైలో వారం రోజులు.
ఇక్కడ అందరూ చేసేదే. నేను వందసార్లు చేశాను.
ఆ రోజు ఫ్రీజర్ తలుపు పట్టుకుని నిలబడిపోయాను.
కోటు అంచులో కుట్టుకుని
ఎవరో అంత దూరం నుంచి వెనక్కి తెచ్చినదాన్ని
మళ్లీ ఆ చలిలోకి పంపాలి,
కింద సంతకం నాది.
కాపలా వైదోతాస్ అడిగాడు:
"ఏమైనా మరిచిపోయారా, యద్విగా గారూ?"
తలుపు వేశాను.
ఆ ఏడు రాత్రులూ ఇంట్లో రెండో దుప్పటి కప్పుకోలేదు.
ఇలాంటివి రిపోర్టులో రాయరు.
నువ్వూ రాయకు.

బయటికి తీశాక లెక్కపెట్టాను.
యాభై ఎనిమిది నిండు పూసలు.
యాభై తొమ్మిదోది సగం.
ఇది పురుగు పని కాదు. అంచున పక్కపక్కనే
రెండు చిన్న మెట్లు.
ముందు పళ్లు.

డైరెక్టరు గారు అన్నారు, అద్దాల వెనక సగం పూస బాగోదు,
కాగితపు గుజ్జుతో నింపి రంగు కలిపెయ్యండి.
మనకది గంట పని.
రేపెవరైనా విప్పుకునేలా చేస్తే చాలు,
మన శాస్త్రమూ తప్పు పట్టదు.

చెయ్యలేదు.
ఏ రాత్రో, ఏ జపం మధ్యలోనో
తట్టుకోలేక కొరికింది, ఒక్కసారి.
ఆ తరవాత ఆగింది.
ఎలా ఆగిందో, ఉగ్నే, అదే నాకు అంతుపట్టదు.
ఆ ఆగడం గాటుకి ఇవతలి అంచున
ఇంకా ఉంది, వేలికి తగిలేంత.
నింపితే ఆకలితోపాటు అదీ పూడిపోతుంది.

ఫారంలో "నష్టం" అని ఒక గడి ఉంటుంది.
ఖాళీగా వదిలాను.
వచ్చే నెల నుంచి ఆ ఫారాలు నీవి, నీ ఇష్టం.

తొడుగులు వేసుకుని, ఇదుగో, ట్రే పట్టుకో.
రెండు చేతులతో.
చిన్నప్పుడు రొట్టె ముక్క కింద పడితే
ఎత్తి ముద్దుపెట్టుకోమనేది కదా మీ అమ్మమ్మ కూడా?
దీన్ని పడనివ్వకు.
ముద్దుపెట్టుకోడానికి కూడా
వీల్లేని రొట్టె ఇది.